పొలం టార్చి డిజైన్: 18650 సెల్స్‌తో చేతిలో ఎన్ని వాట్లు నిలబడతాయి?

#1 గట్టుదారి

అందరికీ నమస్కారం. రాత్రిపూట మోటారు వేయడానికి, మడికి నీళ్లు మళ్లించడానికి వెళ్లేవాళ్లకు పనికొచ్చే టార్చి ఒకటి డిజైన్ చేస్తున్నాను. అంగళ్లలో దొరికే ప్లాస్టిక్ రీచార్జబుల్ టార్చీల్లో చాలావాటికి లోపల 4 వోల్టుల లెడ్-యాసిడ్ డబ్బా ఉంటుంది. పంట లేని రోజుల్లో రెండు మూడు నెలలు మూలన పడేస్తే అది ఇక కోలుకోదు. అందుకే లిథియం సెల్స్ వైపు వచ్చాను.

కావలసినవి ఇవి. గట్టు మీద నడిచేటప్పుడు కాళ్ల దగ్గర్నుంచి పది పదిహేను మీటర్ల దాకా వెడల్పుగా వెలుగు పడాలి, కట్లపాము, రక్తపింజర గడ్డిలో ఉన్నా కంటికి ఆనాలి. అవసరమైనప్పుడు వంద మీటర్ల అవతల మోటారు షెడ్డు కనబడాలి. ఒక ఛార్జింగ్‌కు 5 గంటలు రావాలి. వానకు, బురద నీటికి తట్టుకోవాలి. ఫోన్ ఛార్జర్‌తోనే ఛార్జ్ అవ్వాలి.

అనుకున్నది: క్రీ ఎక్స్‌హెచ్‌పీ70.2 ఎల్‌ఈడీ, 12 వోల్టుల రకం, 30 వాట్లు. 18650 సెల్స్ (18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవుండే లిథియం సెల్స్) మూడు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా. మధ్యలో బక్ డ్రైవర్ (వోల్టేజి తగ్గించి ఎల్‌ఈడీకి కరెంటు అదుపు చేసే బోర్డు). బాడీ లేత్ మీద అల్యూమినియంతో. ఇంకా ఏమీ కొనలేదు, తప్పులుంటే ఇప్పుడే చెప్పండి.

#2 ఓమ్‌లెక్క

కొనకముందే అడగడం మంచిదైంది.

ముందు చిన్న తప్పు. 12 వోల్టుల 70.2కి ఫుల్ కరెంటు దగ్గర దాదాపు 12 వోల్టులు కావాలి. మూడు సెల్స్ సిరీస్ నిండుగా ఉంటే 12.6, సగం దిగేసరికి 11. బక్ డ్రైవర్ వోల్టేజిని తగ్గించగలదే గానీ పెంచలేదు. కాబట్టి ఛార్జింగ్ నుంచి తీసిన కాసేపటికే వెలుగు జారడం మొదలవుతుంది. బక్ వాడాలంటే అదే ఎల్‌ఈడీని 6 వోల్టుల వైరింగ్‌లో తీసుకోవాలి.

ఇక పెద్ద సంగతి. 3000 ఎంఏహెచ్ సెల్స్ మూడింటిలో ఉండే శక్తి 3 × 3 × 3.6 = దాదాపు 32 వాట్-అవర్స్. సిరీస్ కలిపినా ప్యారలల్‌గా (పక్కపక్కన) కలిపినా ఇంతే. 30 వాట్లు లాగితే గంట కూడా రాదు. మీకు కావలసింది 5 గంటలు.

బ్యాటరీని పక్కన పెట్టినా వేడి వదలదు. మూడు సెల్స్ పట్టే బాడీ 46 మి.మీ. వ్యాసం, 150 మి.మీ. పొడవు అనుకుందాం. బయటి ఉపరితలం సుమారు 210 చదరపు సెం.మీ. గాలి ఆడని చోట అలాంటి బాడీ ఒక్కో డిగ్రీ పెరుగుదలకు 0.2 వాట్ల వేడిని మాత్రమే బయటికి వదులుతుంది. ఎల్‌ఈడీకి ఇచ్చిన పవర్‌లో ఇంచుమించు మూడింట రెండు వంతులు వేడిగానే మారుతుంది. అంటే 30 వాట్లకు 20 వాట్ల వేడి. బయటి గాలి కంటే బాడీ 95 డిగ్రీలు ఎక్కువెక్కాక గానీ నిలకడకు రాదు. 50, 55 డిగ్రీలు దాటితేనే లోహాన్ని చేత్తో పట్టుకోలేం. అల్యూమినియం 250 గ్రాములు ఉంటే నిమిషానికి 5 డిగ్రీల చొప్పున ఎక్కుతుంది. వేసవి రాత్రి 32 డిగ్రీల దగ్గర మొదలుపెడితే ఐదు నిమిషాలకే చేయి మార్చుకోవాలి.

ఇదే లెక్కను వెనక్కి తిప్పండి. 20 డిగ్రీల పెరుగుదల భరించగలం అనుకుంటే 4 వాట్ల వేడి. అంటే ఎల్‌ఈడీకి 4 వాట్లు, డ్రైవర్‌లో పోయేది ఒక వాటు. మీ చేతిలో గంటల తరబడి నిలబడే పవర్ అది. మంచి ఎల్‌ఈడీ అయితే అక్కడ 500 ల్యూమెన్లు వస్తాయి. గట్టు మీద నడవడానికి 300 చాలు, 500 అంటే ధారాళం.

#3 రీఫ్లో

ఓమ్‌లెక్క గారు చెప్పినదానికి ఎల్‌ఈడీ వైపు నుంచి ఒక మాట. కరెంటు పెంచేకొద్దీ వాటుకు వచ్చే వెలుగు తగ్గుతుంది. ఉదాహరణకు క్రీ ఎక్స్‌ఎం-ఎల్2 ఎల్‌ఈడీని చూడండి, 0.7 ఆంపియర్ల దగ్గర 2 వాట్లకు 300 ల్యూమెన్లు, అంటే వాటుకు 150. అదే 3 ఆంపియర్ల దగ్గర 10 వాట్లకు 1000కి అటూ ఇటూ, వాటుకు 100. కరెంటు నాలుగు రెట్లు పెంచితే వెలుగు మూడు రెట్లే పెరిగింది. పైగా కంటికి మూడు రెట్లు అనిపించదు, రెట్టింపులా కూడా తోచదు.

కాబట్టి రోజువారీ వాడకం 1.4 ఆంపియర్లు, దూరం చూడటానికి కాసేపు 2.8. ఇలా పెట్టుకుంటే ఒక్క 3 వోల్టుల ఎల్‌ఈడీ సరిపోతుంది, సిరీస్ అవసరమే రాదు.

#4 మూడువరసలు

సిరీస్‌ను అంత తేలిగ్గా తీసేయకండి. 10 వాట్లకు మూడు సెల్స్ సిరీస్‌లో బ్యాటరీ నుంచి వచ్చేది ఒక ఆంపియర్ మాత్రమే. ప్యారలల్‌లో దాదాపు 3 ఆంపియర్లు స్విచ్, స్ప్రింగు, వైర్ల గుండా పోవాలి. టార్చీల్లో వెలుగు తగ్గిపోవడానికి సగం కారణం టెయిల్ స్ప్రింగు, తుప్పు పట్టిన స్విచ్. బక్ డ్రైవర్ 90 శాతం పైగా ఎఫిషియెన్సీ ఇస్తుంది. బ్యాటరీ దిగుతున్నా వెలుగు చివరిదాకా ఒకేలా ఉంటుంది.

#5 ఓమ్‌లెక్క

స్విచ్, స్ప్రింగుల సంగతి పూర్తిగా ఒప్పుకుంటాను. మామూలు స్టీలు స్ప్రింగు 30 నుంచి 60 మిల్లీ ఓమ్స్ ఉంటుంది. 2.8 ఆంపియర్ల దగ్గర అక్కడే 0.1 నుంచి 0.17 వోల్టులు పోతాయి. దీనికి విరుగుడు తేలికే. స్ప్రింగు లోపలి నుంచి 22 గేజ్ సిలికాన్ వైరు గానీ సోల్డర్ విక్ ముక్క గానీ రెండు చివరలా టంకం వేసేయాలి. స్ప్రింగు ఒత్తిడికి మాత్రమే, కరెంటు రాగి గుండా పోతుంది.

సిరీస్‌తో నాకున్న ఇబ్బంది వేరు. మూడు సెల్స్‌లో ఒకటి బలహీనపడితే మిగతా రెండూ దాన్ని ఈడ్చుకెళ్తాయి. మొత్తం 9 వోల్టులు ఉన్నా ఆ ఒక్కటి 2 వోల్టులకు పడిపోయి ఉండొచ్చు. అందుకని ఒక్కో సెల్‌నూ విడిగా కనిపెట్టే 3ఎస్ బీఎంఎస్ అనే కాపలా బోర్డు కావాలి, మూడింటి వోల్టేజినీ సమానం చేసే బ్యాలెన్సింగ్ కావాలి. ఫోన్ ఛార్జర్ ఇచ్చే 5 వోల్టులను 12.6కి పెంచే బోర్డు ఇంకొకటి. ప్యారలల్‌లో మూడూ ఎప్పుడూ ఒకే వోల్టేజి దగ్గర ఉంటాయి, ఒక్క ఛార్జర్ చాలు. పల్లెలో రిపేరు చేసేవాళ్లకు కూడా మీటరు పెట్టగానే అర్థమయ్యేది ఇదే.

#6 మూడువరసలు

ఫోన్ ఛార్జర్‌తోనే అన్న షరతు గమనించలేదు. దానికైతే ప్యారలలే సరైనది. 20 వాట్లు దాటే పెద్ద సెర్చ్‌లైటుకు మాత్రం సిరీసే అంటాను.

#7 సెల్‌పరీక్ష

ప్యారలల్ అనుకున్నారు కాబట్టి ఇది తప్పకుండా చదవండి. అజాగ్రత్త చేస్తే నిప్పు అంటుకునేది ఇక్కడే.

సెల్స్ మూడూ ఒకే మోడల్, ఒకే వయసు. కలిపే ముందు వాటి వోల్టేజి తేడా 0.05 దాటకూడదు. ఒకటి 4.1, ఇంకొకటి 3.6 ఉన్నాయనుకోండి. ఒక్కోదాని లోపలి రెసిస్టెన్స్ 40 మిల్లీ ఓమ్స్ అయితే కలిపిన క్షణంలో 0.5 ÷ 0.08, అంటే 6 ఆంపియర్లు ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి దూకుతాయి. 18650కి ఛార్జింగ్ అంత కరెంటుతో చేయకూడదు. ముందు మూడింటినీ విడివిడిగా ఫుల్ ఛార్జ్ చేయండి, గంట ఆగి కొలవండి, అప్పుడు కలపండి.

సెల్స్ తీసి పెట్టుకునే హోల్డర్ వద్దు. ప్యారలల్ హోల్డర్‌లో చీకట్లో ఎవరైనా ఒక సెల్‌ను తిరగేసి పెడితే రెండు సెల్స్ ఒకదానికొకటి షార్ట్ అవుతాయి, పదుల ఆంపియర్లు పారుతాయి. స్పాట్ వెల్డింగ్ చేసిన ప్యాక్ చేయించండి. అసలైన నిక్కెల్ పట్టీ, 0.15 మి.మీ. మందం, 8 మి.మీ. వెడల్పు. నిక్కెల్ పూత పూసిన స్టీలు పట్టీలు కూడా నిక్కెల్ పేరుతోనే అమ్ముతారు. గీరి ఉప్పునీటిలో ఒక రోజు ఉంచితే స్టీలు తుప్పు చూపిస్తుంది.

ఇంకో చిన్న విషయం, పెద్ద ప్రమాదం. 18650 డబ్బా మొత్తం నెగటివ్. పాజిటివ్ బొడిపె చుట్టూ ఉండే అంచు కూడా నెగటివే. రెండింటికీ మధ్య ఉండేది పల్చటి ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. నిక్కెల్ పట్టీ ఆ అంచు మీదుగా వంగి, పొలంలో కుదుపులకు తొడుగు కోసుకుందంటే నేరుగా షార్ట్. వెల్డింగ్‌కు ముందు ప్రతి పాజిటివ్ కొన మీదా గుండ్రటి బార్లీ పేపర్ (కరెంటు పారనివ్వని కాగితం) రింగు అంటించాలి. ఇది మానేసిన ప్యాక్‌ను చేతిలోకి తీసుకోకండి.

సెల్స్‌కు నేరుగా టంకం వేయకండి. ఆ వేడికి లోపలి సీలు దెబ్బతింటుంది.

#8 గట్టుదారి

ఏ మోడల్ తీసుకోవాలి? ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ అని కూడా కనబడుతున్నాయి. పాత ల్యాప్‌టాప్ ప్యాక్‌ల సెల్స్ పనికొస్తాయా?

#9 సెల్‌పరీక్ష

18650 సైజులో 9900 అనేదే లేదు. 5000 అని రాసి ఉన్నా అబద్ధమే. తూకం వేయండి. అసలు సెల్ 45 నుంచి 48 గ్రాములు తూగుతుంది, నకిలీది చాలాసార్లు 30 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది.

మీ ప్యాక్ మొత్తం ఇవ్వాల్సింది 2.8 ఆంపియర్లు, సెల్ ఒక్కింటికి ఒక ఆంపియర్ లోపు. కాబట్టి 20 ఆంపియర్ల హై-డ్రెయిన్ సెల్స్‌కు డబ్బు పోయక్కర్లేదు. శాంసంగ్ 35ఈ, 3500 ఎంఏహెచ్, 8 ఆంపియర్లు. పానాసోనిక్ ఎన్‌సీఆర్18650బీ, 3400. శాంసంగ్ 30క్యూ, 3000, 15 ఆంపియర్లు. మూడింట్లో ఏదైనా సరే.

పాత ల్యాప్‌టాప్ సెల్స్ పనికొస్తాయి గానీ వడకట్టాలి. విప్పినప్పుడు 2 వోల్టుల కంటే తక్కువ చూపించేవి నేరుగా పక్కన పెట్టేయండి. మిగతావాటిని 1 ఆంపియర్‌తో ఛార్జ్ చేయండి, చేతికి స్పష్టంగా వేడి తగిలేవి వద్దు. 4.2 నిండాక వారం రోజులు వదిలేసి కొలిస్తే 4.1 కంటే దిగినవి వద్దు. చివరగా 2.8 వోల్టుల దాకా డిశ్చార్జ్ చేసి కెపాసిటీ చూడండి. మూడూ 100 ఎంఏహెచ్ తేడాలోపు ఉండాలి. పది సెల్స్‌లో మూడు నిలబడితే అదృష్టమే. అందుకే అమ్మే ఉద్దేశం ఉంటే కొత్తవే వాడండి.

#10 రీఫ్లో

డ్రైవర్ సంగతి. ఏఎంసీ7135 చిప్‌లతో వచ్చే 17 మి.మీ. గుండ్రటి బోర్డు మీ పనికి అతికినట్టు సరిపోతుంది. ఒక్కో చిప్ 350 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. ఎనిమిది ఉంటే 2.8 ఆంపియర్లు. కాయిల్ లేదు, గోల లేదు, రేడియోకు అంతరాయం లేదు. చిన్న ఏటీటైనీ13ఏ మైక్రోకంట్రోలర్ మోడ్‌లు చూసుకుంటుంది, 3 వోల్టుల దగ్గర వెలుగు తగ్గించి హెచ్చరిస్తుంది.

ఇది లీనియర్ డ్రైవర్. బ్యాటరీకి, ఎల్‌ఈడీకి మధ్య మిగిలిన వోల్టేజిని వేడిగా మార్చేస్తుంది. బ్యాటరీ 4.0, ఎల్‌ఈడీ 3.3 అయితే 0.7 × 2.8, అంటే 2 వాట్లు. అందుకని చిప్‌ల వైపు కూడా బాడీకి వేడి దారి కావాలి. 7135 చిప్ వీపున ఉండే రేకు గ్రౌండే కాబట్టి బోర్డు చుట్టూ ఉన్న గ్రౌండ్ రింగును బాడీకి నాలుగుచోట్ల టంకం వేస్తే కరెంటుకూ వేడికీ రెండింటికీ పనికొస్తుంది.

చిప్‌కు 0.12 వోల్టుల మార్జిన్ ఉండాలి. 3.3 + 0.12 + స్విచ్, వైర్లలో పోయే 0.1. అంటే బ్యాటరీ 3.5 దాకా ఫుల్ మోడ్ నిలకడగా ఉంటుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది. నడక మోడ్‌లో ఎల్‌ఈడీకి 3.0 చాలు కాబట్టి దాదాపు చివరిదాకా ఒకేలా వెలుగుతుంది.

వీలైతే ఫర్మ్‌వేర్‌లో (మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాంలో) పీడబ్ల్యూఎం, అంటే వేగంగా వేస్తూ ఆర్పుతూ వెలుగు తగ్గించే పద్ధతి మీద ఆధారపడకుండా చిప్‌లను గుంపులుగా విడదీయండి. నాలుగు చిప్‌ల విద్యుత్ పిన్ను మైక్రోకంట్రోలర్ ఒక కాలికి, మిగతా నాలుగు ఇంకో కాలికి. 1.4 ఆంపియర్లు నేరుగా వస్తాయి. అదే 1.4ని పీడబ్ల్యూఎంతో తెస్తే ఎల్‌ఈడీ సగం సేపు 2.8 దగ్గర, సగం సేపు ఆరిపోయి ఉంటుంది. వాటుకు వచ్చే వెలుగు 2.8 దగ్గరి లెక్కనే వస్తుంది, 1.4 లెక్కన రాదు.

#11 సెల్‌పరీక్ష

ప్రొటెక్షన్ బోర్డు గురించి ఎవరూ అనలేదు. డీడబ్ల్యూ01 (కాపలా చిప్), 8205ఏ (కరెంటును కట్ చేసే మాస్‌ఫెట్ స్విచ్‌ల చిప్) జంటతో వచ్చే చిన్న బోర్డులు అందరూ వాడతారు. డీడబ్ల్యూ01 కరెంటును విడిగా కొలవదు. మాస్‌ఫెట్ల మీద పడే వోల్టేజి 0.15 దాటితే కట్ చేసేస్తుంది. 8205ఏ ఒకటే ఉంటే దాని రెసిస్టెన్స్ 50 మిల్లీ ఓమ్స్ చుట్టుపక్కల, అంటే 3 ఆంపియర్ల దగ్గర కట్. మీరు నడిపేది 2.8. ఫుల్ మోడ్ వేయగానే టార్చి ఆరిపోవడం, వేడెక్కాక మరీ ఎక్కువసార్లు ఆరిపోవడం, జనం దీన్ని స్విచ్ లోపం అనుకుని స్విచ్‌లు మారుస్తూ ఉంటారు. 8205ఏ కనీసం మూడున్న బోర్డు తీసుకోండి.

ఈ బోర్డు డిశ్చార్జ్ కట్ 2.4 వోల్టుల దగ్గర. అది ఆఖరి గోడ. రోజూ అక్కడిదాకా తీసుకెళ్లకుండా డ్రైవర్ 3.0 దగ్గరే హెచ్చరించాలి.

#12 లేత్‌బెంచి

బాడీ కొలతలు రాస్తున్నాను. మూడు 18650లను త్రికోణంగా పేరిస్తే చుట్టూ పట్టే వృత్తం 18 × 2.155 = 38.8 మి.మీ. తొడుగు, నిక్కెల్, ష్రింక్ కలుపుకుంటే 40 దాటుతుంది. లోపలి బోరు 41, బయటి వ్యాసం 46. అల్యూమినియం రాడ్ 6061 రకం గానీ 6063 గానీ 50 మి.మీ. తీసుకోండి. హైదరాబాద్ బాలానగర్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటి లేత్ పని చేసేవాళ్లు దొరుకుతారు. డ్రాయింగ్ మీద టాలరెన్స్ రాయకపోతే బోరు ఎంతో కొంత తేడాతో వస్తుంది, కాబట్టి 41.0 నుంచి 41.2 అని అంకెల్లో రాయండి.

ఎల్‌ఈడీ కూర్చునే పీఠం హెడ్‌తో ఏకఖండంగా ఉండాలి. 5 మి.మీ. మందం. చాలా టార్చీల్లో పీఠం విడిగా బోలు ఇత్తడి పిల్‌లా ఉండి మరలతో బిగుస్తుంది. ఆ మరల సందులో గాలి ఉంటుంది, వేడి అక్కడే ఆగిపోతుంది. బాడీ చల్లగా ఉంది కదా అనుకుంటాం, లోపల ఎల్‌ఈడీ మాడిపోతూ ఉంటుంది. హెడ్ చేతికి త్వరగా వేడిగా తగలడం మంచి గుర్తు.

పీఠాన్ని లేత్ మీద ఫేసింగ్ చేశాక అద్దం ముక్క మీద 600 నంబరు ఎమరీ పేపరు పరిచి, చదునైన దిమ్మెకు అదే పేపరు చుట్టి రుద్దండి. టూల్ గీతలు పోయేదాకా.

మరలు 1 మి.మీ. పిచ్, కనీసం ఆరు చుట్లు. ఓ-రింగు 1.5 మి.మీ. మందం నైట్రైల్ అయితే గాడి లోతు 1.15. ఇంకా లోతు తీస్తే నొక్కుకోదు, నీళ్లు వస్తాయి. తక్కువ తీస్తే బిగించేటప్పుడు తెగుతుంది. సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం జెల్లీ అన్ని రబ్బర్లకూ పడదు, కొన్నిటిని ఉబ్బిస్తుంది.

యానొడైజింగ్ చేయిస్తే నెగటివ్ కరెంటు పారే ముఖాలకు ముందే మాస్కింగ్ చేయించండి. ఆ పూత కరెంటును పారనివ్వదు.

#13 వెలుగుగుండం

రిఫ్లెక్టర్ గురించి రాస్తాను. దూరం లెక్క క్యాండెలాల్లో (ఒక దిక్కుకు వెళ్లే వెలుగు తీవ్రత) చూస్తారు. ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 పద్ధతి ప్రకారం వెలుగు 0.25 లక్స్‌కు (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగు కొలత) పడిపోయే దూరమే బీమ్ దూరం. క్యాండెలాల వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 10,000 క్యాండెలాలకు 200 మీటర్లు. కానీ 0.25 లక్స్ అంటే వెన్నెలంత. షెడ్డు తలుపు తీసి ఉందో లేదో తెలియాలంటే ఆ దూరంలో సగమే నమ్మండి. మీ వంద మీటర్లకు 10,000 క్యాండెలాలు చాలు. 40 మి.మీ. వెడల్పు రిఫ్లెక్టర్‌తో 2.8 ఆంపియర్ల దగ్గర ఇది సులువుగా వస్తుంది.

నునుపు రిఫ్లెక్టర్ వద్దు. మధ్యలో కళ్లు చెదిరే చుక్క, చుట్టూ ఉంగరాలు పడతాయి. కాళ్ల దగ్గర చూసేటప్పుడు ఆ చుక్క వల్ల కంటిపాప ముడుచుకుని పక్కనున్న గడ్డి నల్లగా కనిపిస్తుంది. నారింజ తొక్కలా గరుకుగా ఉండే రకం తీసుకోండి. కొంచెం దూరం తగ్గినా నడకకు సుఖం.

రంగు కూడా ముఖ్యం. 6500 కెల్విన్ తెల్లటి వెలుగులో ఎండుగడ్డి, మట్టి, రక్తపింజర ఒంటి మీది గోధుమ మచ్చలు అన్నీ బూడిదగా కలిసిపోతాయి. 4000 నుంచి 5000 కెల్విన్, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 ఉంటే గోధుమ, ఎరుపు విడివిడిగా కనిపిస్తాయి. నీలం వాటా తక్కువ కాబట్టి పురుగులూ తక్కువ ముసురుతాయి. శాంసంగ్ ఎల్‌హెచ్351డి 5000 కెల్విన్, సీఆర్ఐ 90 చూడండి. గరిష్ఠం 3 ఆంపియర్లు. అదే కరెంటుకు సీఆర్ఐ 70 రకం కంటే ల్యూమెన్లు కొంత తక్కువ వస్తాయి. పాములు చూడటానికి టార్చి అయినప్పుడు నేను ఆ బేరానికి రెండోసారి ఆలోచించను.

#14 ఎల్‌ఎఫ్‌పీ32

సోలార్ లైట్లలో వాడే 32650 లిథియం ఫాస్ఫేట్ సెల్, 3.2 వోల్టులు 6 ఏహెచ్, ఒక్కటి పెడితే? ఎండకు తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్లు వస్తుంది.

#15 ఓమ్‌లెక్క

నిజంగానే మంచి సెల్. సగం పనికే సరిపోతుంది. దాని వోల్టేజి చాలాసేపు 3.2 దగ్గరే ఉంటుంది. 0.7 ఆంపియర్లకు ఎల్‌ఈడీ 2.85, చిప్‌కు 0.12, మొత్తం 3.0 లోపు. హాయిగా నడుస్తుంది. 2.8 ఆంపియర్లకు 3.3 పైనే కావాలి, ఆ సెల్ దగ్గర అంత లేదు, బూస్ట్ డ్రైవర్ కావాలి. దూరం చూడక్కర్లేని గుడిసె దీపానికి, పశువుల కొట్టానికి ఇదే వాడమంటాను. ఛార్జర్ మాత్రం 3.65 వోల్టులది ఉండాలి. 4.2 వోల్టుల టీపీ4056 ఛార్జింగ్ బోర్డు దీనికి పెట్టకూడదు.

#16 రీఫ్లో

అసెంబ్లీలో జనం తప్పటడుగు వేసే చోట్లు.

ఎల్‌ఈడీని రాగి బోర్డు మీదే ఎక్కించండి, అదీ మధ్య ప్యాడ్ కింద ఇన్సులేషన్ పొర లేకుండా నేరుగా రాగిని తాకే రకం. ప్యాడ్‌ల మీద టంకం పేస్టు పల్చగా రాసి, ఎల్‌ఈడీని గుర్తు చూసి పెట్టి, తిరగేసి బిగించిన ఇస్త్రీపెట్టె మీద ఉంచండి. 63/37 టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బూడిదరంగు పేస్టు ఒక్కసారిగా వెండిలా మెరుస్తుంది, ఎల్‌ఈడీ దానంతటదే జరిగి నిటారుగా సర్దుకుంటుంది. అప్పుడు పట్టకారుతో పక్క నుంచి మెల్లగా ఒకసారి తట్టండి. తిరిగి తన చోటికి వస్తే కింద మూడు ప్యాడ్‌లూ పట్టినట్టు. పైనున్న గోపురాన్ని నొక్కకండి, అది మెత్తటి సిలికాన్, లోపలి తీగలు తెగుతాయి.

బోర్డు కింద థర్మల్ పేస్టు బియ్యపు గింజంత. పల్చటి పొర మాత్రమే కావాలి. రెండు స్క్రూలతో బిగించాలి, జిగురుతో అంటించకండి.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు: రిఫ్లెక్టర్ అడుగు అంచు ఎల్‌ఈడీ వైర్ల టంకం ముద్దలను తాకడం. రిఫ్లెక్టర్ అల్యూమినియం, బాడీతో కలిసి నెగటివ్. పాజిటివ్ ముద్ద తాకితే నేరుగా షార్ట్, ప్రొటెక్షన్ బోర్డు కట్ చేస్తుంది. నెగటివ్ ముద్ద తాకితే ఇంకా మోసకరం. ఎల్‌ఈడీ నెగటివ్ డ్రైవర్ ద్వారా పోవాలి, ఇప్పుడు నేరుగా బాడీకి పోతుంది. టార్చి వెలుగుతుంది, చాలా ప్రకాశంగా కూడా. మోడ్‌లు మాత్రం మారవు. కరెంటుకు అదుపు లేదు కాబట్టి కాసేపటికి ఎల్‌ఈడీ నీలంగా మారి పోతుంది. మోడ్ మారకపోతే వెంటనే ఆర్పి హెడ్ విప్పండి. టంకం ముద్దలు ఎత్తు లేకుండా వేసి, మీద కాప్టాన్ టేపు (వేడికి తట్టుకునే ఇన్సులేషన్ టేపు), ఆపై ఎల్‌ఈడీని రిఫ్లెక్టర్ మధ్యలో నిలిపే ప్లాస్టిక్ సెంటరింగ్ రింగు.

#17 సెల్‌పరీక్ష

ఛార్జింగ్: టీపీ4056 అయితే 1 ఆంపియర్, 10 ఏహెచ్ ప్యాక్‌కు పదకొండు పన్నెండు గంటలు. అది లీనియర్ కూడా, వేడెక్కుతుంది. టీపీ5100 బోర్డు 2 ఆంపియర్ల దాకా ఇస్తుంది, స్విచ్చింగ్ రకం. దాన్ని 4.2కీ 8.4కీ రెండింటికీ వాడతారు కాబట్టి జంపర్ 4.2కి ఉందో లేదో సెల్స్ కలపకముందే మీటరుతో చూడాలి.

టైప్-సీ సాకెట్ పెడితే దాని రెండు సీసీ పిన్నుల నుంచీ గ్రౌండ్‌కు చెరొక 5.1 కిలో ఓమ్ రెసిస్టర్ ఉండాలి. అవి లేకపోతే పాత ఛార్జర్‌తో ఎక్కుతుంది, రెండు కొనలా టైప్-సీ ఉన్న కొత్త ఛార్జర్‌తో ఎక్కదు. ఛార్జర్‌నే తప్పుపడతారు.

45 డిగ్రీలు దాటిన సెల్‌ను ఛార్జ్ చేయకూడదు. మే నెలలో ట్రాక్టర్ మీద ఎండలో పడి ఉన్న టార్చిని తెచ్చి వెంటనే ప్లగ్ పెట్టకండి, గంట నీడలో ఉంచండి. పంట లేని రోజుల్లో ఫుల్ కాకుండా 3.8 వోల్టుల దగ్గర దాచండి.

#18 గట్టుదారి

చివరి జాబితా ఇది, ఒకసారి చూడండి.

ఎల్‌హెచ్351డి 5000 కెల్విన్ సీఆర్ఐ 90, 20 మి.మీ. రాగి బోర్డు. 7135 చిప్‌లు ఎనిమిది, నాలుగు-నాలుగుగా విడదీసి: మామూలుకు 1.4 ఆంపియర్లు, నొక్కితే 2.8, మూడు నిమిషాలకు తనే 1.4కి దిగేలా. శాంసంగ్ 35ఈ మూడు ప్యారలల్‌లో, బార్లీ రింగులతో, స్పాట్ వెల్డింగ్. 8205ఏ మూడున్న ప్రొటెక్షన్ బోర్డు. టీపీ5100, టైప్-సీ, 5.1 కిలో ఓమ్ రెండు. సాకెట్ బయటికి కనబడదు, టెయిల్ మూత విప్పితేనే. 42 మి.మీ. గరుకు రిఫ్లెక్టర్, 5050 సెంటరింగ్ రింగు, 2.5 మి.మీ. గట్టి గాజు. 10.5 ఏహెచ్‌ను 1.4తో భాగిస్తే ఏడున్నర గంటలు, చేతికి ఏడు వచ్చినా చాలు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికినంత తీసుకుని మిగతాది ఆన్‌లైన్‌లో.

#19 ఓమ్‌లెక్క

బాగుంది. స్విచ్ మీద రాసిన ఆంపియర్లు చూడండి, 1.5 అని ఉంటే వద్దు, 3 పైన ఉండాలి. మొదటిసారి వెలిగించినప్పుడు కరెంటును మీటరు మామూలు వైర్లతో కొలవకండి. ఆ వైర్లకే 50 నుంచి 100 మిల్లీ ఓమ్స్ ఉంటాయి, ఫుల్ మోడ్‌లో తక్కువ చూపించి కంగారు పెడతాయి. డీసీ క్లాంప్ మీటరు గానీ పొట్టి లావు వైర్లు గానీ వాడండి. ఆ తర్వాత టార్చిని బల్ల మీద నిలబెట్టి 1.4 దగ్గర గంట వదిలేసి హెడ్ ఉష్ణోగ్రత చూడండి. గది కంటే 20 డిగ్రీల లోపు ఎక్కితే సరి. 10 డిగ్రీలు కూడా ఎక్కలేదంటే సంతోషపడకండి, పీఠం దగ్గర వేడి దాటడం లేదు, విప్పి థర్మల్ పేస్టు ముద్ర ఎలా పడిందో చూడాలి.

#20 వెలుగుగుండం

జాబితాలో ఒక్కటి తప్పు. ఎల్‌హెచ్351డి 3.5 మి.మీ. చదరం. సెంటరింగ్ రింగు 3535ది కావాలి, 5050ది కాదు. 5050 రింగులో అది వదులుగా కూర్చుని ఒక పక్కకు జరుగుతుంది. బీమ్ గుడ్డు ఆకారంలో పడుతుంది. రింగు మందం కూడా సరిపోక ఎల్‌ఈడీ రిఫ్లెక్టర్‌లో లోతుగానో పైకో ఉండిపోతే మధ్యలో నల్లటి చిల్లు కనిపిస్తుంది. రాగి బోర్డు కూడా 3535 ప్యాడ్‌లతోనే అడగండి. రింగులు 0.8, 1.0, 1.2 మి.మీ. మందాల్లో మూడు రకాలు తెచ్చుకుని, 5 మీటర్ల దూరంలో గోడ మీద వెలుగు చూస్తూ ఒక్కోటీ మార్చండి. చుక్క గుండ్రంగా, చిల్లు లేకుండా పడినదాన్ని ఉంచి గాజు బిగించేయండి.

#21 గట్టుదారి

3535 రింగులు మూడు మందాల్లో, 3535 రాగి బోర్డు. జాబితాలో మార్చాను. స్విచ్ 3 ఆంపియర్లది. రేపు డ్రాయింగ్ వేసి బోరు కొలతలతో ఇక్కడే పెడతాను, లేత్‌బెంచి గారు ఓ-రింగు గాడి ఒకసారి సరిచూస్తే రాడ్ కొంటాను.